వంపు అద్దం వెనక నీటితోట



ఇవాళ మీతో చేపల తొట్టె గురించి ముచ్చటించాలని ఉంది. చేపల గురించి అనడం కంటే, ఆ తొట్టెలో పెంచుకునే మొక్కల గురించి, వాటిని అమర్చుకునే పద్ధతి గురించి అంటే సబబుగా ఉంటుంది. అందులోనూ ముందు అద్దం తిన్నగా ఉండక, విల్లులా వంగి, పొట్ట ముందుకు వచ్చినట్టుండే తొట్టె ఒకటి ఉంటుంది చూడండి, ప్రత్యేకించి దాని సంగతి.

ఈ వంపు తొట్టె దుకాణంలో చూడగానే కన్ను లాగేస్తుంది. గృహప్రవేశానికో, పెళ్ళిరోజుకో ఎవరో ఒకరు ముచ్చటపడి తెస్తారు. తెచ్చిన రోజున ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. రంగురంగుల గులకరాళ్ళు, ఒక ప్లాస్టిక్ కోట, నోరు తెరిచి బుడగలు వదిలే మొసలి బొమ్మ, రెండు ప్లాస్టిక్ మొక్కలు, డజను చేపలు. మూడో వారానికి నీళ్ళు పచ్చబడతాయి. చేపలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. తెచ్చినవారు ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్ళిపోతారు. బకెట్లతో నీళ్ళు తోడి పారబోసే పని ఎవరి వంతుకు వస్తుందో వేరే చెప్పాలా? ఆరు నెలలు తిరిగేసరికి తొట్టె బాల్కనీలోకి చేరి, అందులో ఉల్లిపాయలో పాత పేపర్లో పడి ఉంటాయి. ఆ చేపలూ ప్రాణులే కదా, వాటి మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇలా కావలసిన అవసరం లేదు. వేళ్ళూని పెరిగే నిజం మొక్కలున్న తొట్టెలో నీటిని బాగుచేసే పని చాలావరకు మొక్కలే చేసుకుపోతాయి. అయితే అవి కుదురుకోవాలంటే మొదటి రోజునే తొట్టె ఆకారం తెలుసుకుని అమర్చాలి. తిన్నటి తొట్టెకు పనికొచ్చే అమరిక వంపు తొట్టెకు పనికిరాదు. చిక్కంతా అక్కడే ఉంది.

కొన్ని దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన గాజుగ్లాసులో నీళ్ళు పోసి నిమ్మకాయ వేసి ఉంచుతారు, దిష్టి తగలకుండా. ఆ నిమ్మకాయ ఎంత పెద్దదిగా కనిపిస్తుందో గమనించారా? బయటికి తీస్తే మామూలు కాయే. నీళ్ళు నింపిన గుండ్రటి గ్లాసు భూతద్దంలా పనిచేస్తుంది, అయితే అడ్డంగానే తప్ప నిలువుగా పెంచి చూపించదు. మన తొట్టె ముందు అద్దానిదీ అదే లక్షణం. వంపు తక్కువ గనుక తేడా కూడా కొంచెమే, కాని ఉంటుంది. అద్దానికి ఆనుకుని ఉన్న వస్తువు ఉన్నంతలోనే కనిపిస్తుంది. వెనక గోడ దగ్గర ఉన్నది మాత్రం వెడల్పుగా సాగినట్టు కనిపిస్తుంది. మీరు నాలుగడుగులు అటు నడిస్తే అది కాస్త జరిగినట్టు కూడా ఉంటుంది.

దీనికి తోడు నీళ్ళ స్వభావం ఒకటుంది. నిండు బిందెలోకి చూస్తే అడుగు పైకి వచ్చినట్టు కనిపిస్తుంది కదా, అలాగే తొట్టెలోనూ ముందు నుంచి వెనక్కి ఉన్న దూరం తగ్గి కనిపిస్తుంది. తిన్నటి అద్దమైతే 16 అంగుళాలది 12 అంగుళాల్లా ఉంటుంది. వంపు అద్దంలో ఈ లోటు కొంత తీరుతుంది గాని పూర్తిగా తీరదు. అందుచేత లోపల దూరాన్ని మనమే కల్పించుకోవాలి. ఆ దూరం కల్పించడానికి వంపు తొట్టె ఇచ్చినంత వీలు ఇంకేదీ ఇవ్వదు. ఆ వీలును మనం కోటా మొసలీ పెట్టి పాడుచేసుకుంటాం.

లెక్క కోసం ఒక తొట్టెను అనుకుందాం. పొడవు 36 అంగుళాలు. రెండు చివరల్లో వెడల్పు 12 అంగుళాలు, మధ్యలో పొట్ట దగ్గర 18 అంగుళాలు. ఎత్తు 18, అందులో నీళ్ళు 16 అంగుళాల వరకు. దీనిలో సుమారు 150 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్ళు, అద్దాల బరువు కూడా కలుపుకుంటే దాదాపు 200 కిలోలు. కనుక టీవీ బల్ల మీద, గోడకు కొట్టిన చెక్క మీద పెట్టడానికి వీల్లేదు. ఇనుప స్టాండు గాని, గట్టి చెక్క పెట్టె గాని ఉండాలి. దాని పైభాగం కూడా తొట్టె వంపు మొత్తానికీ కింద ఆసరా ఇచ్చేటట్టు ఉండాలి. పొట్ట గాలిలో వేలాడకూడదు. పైన మూసే అద్దం కూడా కొన్నప్పుడే అడిగి తీసుకోండి. వంపుగా కోసిన మూత తర్వాత దొరకబుచ్చుకోవడం కష్టం. ఎండ నేరుగా పడే కిటికీ పక్క వద్దు, పాచి పట్టి విసుగెత్తిపోతారు.

తొట్టెను స్టాండు ఎక్కించక ముందే ఒక పని చేయండి. నేల మీద పేపర్లు పరిచి, ఖాళీ తొట్టెను వాటి మీద నిలబెట్టి, అడుగు చుట్టూ పెన్సిల్ తిప్పి గీత గీసుకోండి. తర్వాత ఆ ఆకారాన్ని గది నేల మీద సుద్దముక్కతో దించుకోండి. ముగ్గు వేసే చేతికి ఇదొక పనా! ఇక రాళ్ళూ మొద్దులూ ఆ గీత లోపల పెట్టి చూసుకోండి. జరపండి, తిప్పండి, తీసేయండి. రెండు రోజులు అలాగే ఉంచి వస్తూ పోతూ చూడండి. నీళ్ళు నింపాక ఒక రాయి జరపాలంటే మోచేతి దాకా తడవాలి, ఇసుకంతా రేగుతుంది. నేల మీద జరపడానికి ఖర్చేముంది?

అప్పుడు మీకో విషయం తెలుస్తుంది. చెయ్యి తనంతట తానే పెద్ద రాయిని తీసుకెళ్ళి సరిగ్గా మధ్యలో, పొట్ట ఉన్నచోట పెడుతుంది. అక్కడ చోటెక్కువ కదా మరి! నేను చెప్పవచ్చిన ముఖ్యమైన మాట ఇదే: ఆ మధ్య చోటును ఖాళీగా వదలండి. తొట్టె మొత్తంలో ముందు నుంచి వెనక గోడ దాకా 18 అంగుళాల దూరం ఉన్నది అక్కడొక్కచోటే. దాన్ని మూసేస్తే కొనుక్కున్న వంపంతా వృథా అయినట్టే. రాళ్ళూ మొక్కలూ రెండు పక్కలా గుట్టల్లా లేచి, మధ్యలో ఒట్టి ఇసుక దారి ఉండాలి. ఆ దారి ముందు వైపు వెడల్పుగా, పది పన్నెండు అంగుళాలు ఉండి, వెనక్కి వెళ్ళే కొద్దీ సన్నబడి రెండంగుళాలకు వచ్చేయాలి. రోడ్డు మధ్య నిలబడి చూస్తే దూరాన రోడ్డు సన్నబడిపోయినట్టు ఉంటుంది చూడండి, అదే కిటుకు. చూసేవాళ్ళకు తొట్టె వెనక ఇంకా ఏదో ఉందనిపిస్తుంది.

అయితే దారి వెళ్ళి కలిసే చోటు నట్టనడుమ ఉండకూడదు. వంపు ఎలాగూ కంటిని మధ్యకే లాగుతుంది, మనం కూడా అక్కడే ముగిస్తే చూపు అక్కడే ఆగిపోతుంది. ఒక పక్క నుంచి 14 అంగుళాలు, రెండో పక్క నుంచి 22 అంగుళాలు వచ్చేటట్టు దారిని కొంచెం ఒరిగించి ముగించండి. రెండు గుట్టలూ ఒకే ఎత్తు ఉండకూడదు. ఒకటి అక్క, ఒకటి చెల్లెలు. సోఫాలోంచి ఒకసారి, భోజనాల బల్ల దగ్గర్నించి ఒకసారి కూర్చుని చూడండి. వంపు తొట్టెను పక్కనుంచి చూసేవాళ్ళే ఎక్కువ మంది ఉంటారు. పక్కనుంచి చూసినప్పుడు అంచుల దగ్గర వస్తువులు బాగా వంకర తిరుగుతాయి కనుక, ముద్దుగా చూసుకోవాలనుకున్న రాయిని చివరి అంచుకు నెట్టకండి.

ఇంకొక్కటి. రాళ్ళను గాని, ముందు వరస మొక్కలను గాని స్కేలు పెట్టి గీసినట్టు వరసగా పెట్టవద్దు. ముందు అద్దం వంకరగా, లోపలి వరస తిన్నగా ఉంటే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఖాళీ వదలడం గురించి చెబుతున్నాను గనుక ఒక పెద్దమనిషిని తలుచుకోవాలి. జపానులో తకాషి అమానో అని ఫొటోగ్రాఫరు ఒకాయన ఉండేవారు. 1954లో పుట్టి 2015లో కాలం చేశారు. అడవులనూ కొండలనూ ఫొటోలు తీసిన ఆ కంటితోనే నీటి తొట్టెల్లో తోటలు వేసి, ఇవాళ ప్రపంచమంతటా ఈ కళ నేర్చుకునేవారికి గురువయ్యారు. పోర్చుగల్ దేశంలోని లిస్బన్ నగరంలో ఆయన చివరగా కట్టిన తొట్టె పొడవు 40 మీటర్లు, అందులో 1,60,000 లీటర్ల నీళ్ళు. అంత తొట్టెలోనూ నింపేయాలన్న ఆత్రం లేదు, తెల్లటి ఇసుక మైదానాలు వదిలేశారు. మన మూడడుగుల తొట్టెలో మాత్రం అంగుళం ఖాళీ ఉంటే ప్రాణం ఆగదు మనకు!

ఇక రాళ్ళు. చాలామంది ఇల్లు కట్టగా మిగిలిన కడప రాతి ముక్కలో, షాబాద్ ముక్కలో కడిగి వేసేస్తారు. అవి రెండూ సున్నపురాళ్ళు. వంటింటి కడప బండ మీద నిమ్మరసం పడి ఆరితే తెల్లటి మచ్చ పడడం మీరు చూసే ఉంటారు. పులుపుకు ఆ రాయి కరిగిందన్నమాట. తొట్టెలో ఉంటే అది నెమ్మదిగా కరుగుతూ, అసలే ఉప్పుగా ఉండే బోరు నీళ్ళను ఇంకా గట్టినీళ్ళుగా చేస్తుంది. తెలియని రాయి ఏది తెచ్చినా దాని మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూడండి. బుసబుస పొంగితే పక్కన పెట్టేయండి. మన హైదరాబాదు గుట్టల్లో దొరికే గ్రానైటు రాయికి ఏ భయమూ లేదు. కొయ్య మొద్దు పెట్టుకుంటే మంచి అందం, కాని ముందు దాన్ని పెద్ద గిన్నెలో ఉడకబెట్టి, పదిహేను రోజులు నీళ్ళలో నానబెట్టాలి. నానకపోతే తేలిపోతుంది, నీళ్ళు కూడా టీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు చేపలకు చెరుపు చేయదు గాని మన కంటికి నచ్చదు.

అడుగున ఏం వేయాలి? దుకాణాల్లో మొక్కల తొట్టెకని ప్రత్యేకం మట్టి సంచుల్లో అమ్ముతారు. మంచిదే, ఖరీదు మాత్రం బాగా ఉంటుంది. డయానా వాల్‌స్టాడ్ అనే అమెరికా మహిళ 1999లో అచ్చువేసిన పుస్తకంలో, మామూలు తోటమట్టితోనే మొక్కల తొట్టె నడపవచ్చునని ఎంతో వివరంగా రాశారు. పేడ, యూరియా ఏవీ కలవని మట్టిని జల్లించి ఒక అంగుళం మందాన పరచండి. దానిమీద ఉప్మారవ్వ కంటే కాస్త ముతకగా ఉన్న ఇసుకను, బియ్యం కడిగినట్టు కడిగి, తేటనీళ్ళు వచ్చాక ఒకటిన్నర అంగుళం వేయండి. మట్టిని రెండంగుళాలు దాటనివ్వకండి, అడుగున గాలి ఆడక కుళ్ళువాసన వస్తుంది. మధ్య దారిలో మట్టి అసలు వద్దు, ఒట్టి ఇసుక చాలు. ముందువైపు ఒక అంగుళం ఉన్న ఇసుక వెనక మూలలకు వెళ్ళేసరికి నాలుగంగుళాలకు లేవాలి. జారిపోకుండా రాళ్ళను అడ్డుకట్టగా వాడుకోండి. మొత్తం మీద 30 నుంచి 35 కిలోల ఇసుక పడుతుంది. రంగు పూసిన గులకరాళ్ళు మాత్రం తేకండి. చేపకంటే ముందు అవే కనిపిస్తాయి.

దీపం సంగతి జాగ్రత్తగా వినండి. దీపాల పట్టీ తిన్నగా ఉంటుంది, తొట్టె ముందు వంపుగా ఉంటుంది. పట్టీని వెనక అంచుకు సమంగా పెడితే పొట్ట దగ్గర వెలుతురు పలచబడుతుంది. సరిగ్గా అక్కడే, ముందు భాగంలో పచ్చిక తివాచీలా పరుచుకునే మొక్కలు వేయాలని అందరికీ ఆశ. ఆ పొట్టి మొక్కలకు గట్టి వెలుతురు కావాలి, చాలాసార్లు బొగ్గుపులుసు వాయువు కూడా సిలిండరుతో ఇవ్వాలి. వెలుతురు తక్కువైన చోట వాటిని నాటి, నెల తిరక్కుండానే పసుపుపచ్చగా తేలిపోతే మన చెయ్యి మంచిది కాదని బాధపడడం ఎందుకు? ముందు భాగం ఇసుకగా వదలమనడంలో ఇది కూడా ఒక లాభం. దీపాన్ని మాత్రం రెండు మూడంగుళాలు ముందుకు జరిపి పెట్టుకోండి. మొదట్లో రోజుకు 6 గంటలు, తర్వాత 8 గంటలు చాలు. చిన్న టైమరు ఒకటి పెట్టుకుంటే మరిచిపోవడమంటూ ఉండదు. రాత్రి అతిథులు వచ్చారని పన్నెండింటి దాకా వెలిగిస్తే మొక్కల కంటే పాచి ఎక్కువ సంతోషిస్తుంది.

ఇప్పుడు మొక్కలు. వంపు అద్దం వెనకనున్నవాటిని వెడల్పు చేసి చూపిస్తుందని చెప్పుకున్నాం. కనుక వెనక భాగంలో పెద్ద ఆకు మొక్క వేస్తే అది ఇంకా పెద్దదై ముందుకు వచ్చినట్టు ఉండి, దూరం అంతా మింగేస్తుంది. వెనక సన్న ఆకు, ముందుకు వచ్చే కొద్దీ వెడల్పు ఆకు, ఇదీ క్రమం. వెనక మూలల్లో వాలిస్నేరియా వేయండి. పొడుగ్గా రిబ్బను ముక్కల్లా ఉంటుంది, గట్టినీళ్ళంటే దానికి లెక్కే లేదు. నీళ్ళు శుభ్రం చేసే ఫిల్టరు గొట్టాలూ వైర్లూ దాని చాటున దాక్కుంటాయి. దాని పక్కన రొటాలా గాని, లిమ్నోఫిలా గాని వేయండి. రొటాలా జాతి మొక్కలు కొన్ని మన వరిమళ్ళలో కలుపుగా పెరిగేవే. గుట్ట నడుము మీద నీటి బ్రాహ్మి, అంటే జ్ఞాపకశక్తికి మంచిదని పెద్దవాళ్ళు చెప్పే బ్రాహ్మే, నీళ్ళలో మునిగి కూడా చక్కగా పెరుగుతుంది. దానికి ముందు, రాళ్ళ నీడలో, శ్రీలంక నుంచి వచ్చిన క్రిప్టోకొరైన్. వెలుతురు తక్కువైనా ఓర్చుకునే మొక్క అది.

ఈ క్రిప్టోకొరైన్ గురించి ఒక హెచ్చరిక. నాటిన వారం పది రోజుల్లో దాని ఆకులు మెత్తబడి నీరుగారిపోతాయి. చచ్చిపోయిందని పీకి పారేసేవారే ఎక్కువ. వేరు బతికే ఉంటుంది. కుళ్ళిన ఆకులు తీసేసి ఊరుకుంటే మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకు వేస్తుంది. మళ్ళీ కదిలించారా, మళ్ళీ అదే కథ.

జావా ఫెర్న్, అనుబియాస్ అని రెండు నిదానపు మొక్కలున్నాయి. వాటికి అల్లం కొమ్ములా అడ్డంగా పాకే కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పాతితే కుళ్ళిపోతుంది. నల్లదారంతో మొద్దుకు గాని రాయికి గాని కట్టేయండి, తర్వాత అదే పట్టుకుంటుంది.

బడిలో సైన్సు పంతులుగారు బీకరులో నాచు వేసి, గాజు గరాటు బోర్లించి, పైన పరీక్షనాళిక పెట్టి, ఎండలో బుడగలు లేవడం చూపించారు, జ్ఞాపకముందా? ఆ నాచు పేరు హైడ్రిల్లా. మొదటి రెండు నెలలూ దాన్ని దండిగా వేసుకోండి. త్వరత్వరగా పెరిగి నీళ్ళలోని మలినాన్నంతా లాగేస్తుంది, పాచికి తిండి మిగల్చదు. మిగతా మొక్కలు కుదురుకున్నాక దాన్ని తీసేయవచ్చు. చెరువు నుంచి తెచ్చేటట్టయితే కొమ్మ కొమ్మా దులిపి చూసుకోవాలి. తూనీగ పిల్లలు నీళ్ళలోనే పెరుగుతాయి, చిన్న చేపలను పట్టి తినేస్తాయి.

నాటేటప్పుడు తొట్టెలో నాలుగంగుళాల నీళ్ళే ఉండాలి. మొక్క కుండీలో దూదిలా ఉండేది పూర్తిగా తీసేసి, పొడవైన పట్టకారుతో నాటండి. తర్వాత ఇసుక మీద ఒక పళ్ళెం పెట్టి, దాని మీద సన్నధారగా నీళ్ళు పోయండి. బకెట్టు ఎత్తి కుమ్మరిస్తే కిందటి మట్టి పైకి లేచి, రెండు రోజుల కష్టం రెండు క్షణాల్లో బురదవుతుంది. కుళాయి నీళ్ళయితే ఒక రాత్రంతా వెడల్పు పాత్రల్లో నిలవ ఉంచినా క్లోరిన్ పోతుంది, లేదా దుకాణంలో దొరికే విరుగుడు చుక్కలు వేసుకోవచ్చు.

నాటిన రోజున తొట్టె బోసిగా ఉంటుంది. ఉండనివ్వండి. ఈ తోట ఇవాళ్టికి వేసింది కాదు, మూడు నెలల తర్వాతి సంగతి. మొక్కకూ మొక్కకూ మధ్య అప్పటి చోటు ఇప్పుడే వదలాలి.

అన్నిటికంటే కష్టమైన భాగం ఇప్పుడొస్తుంది: చేపలు తేకుండా ఉండడం. పిల్లలు ప్రాణం తీస్తారు, తెలుసు. కాని చేపల మలమూత్రాల వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది, అది వాటికి విషం. దాన్ని కొంత మొక్కలు తింటాయి. తక్కినదాన్ని, కంటికి కనపడని సూక్ష్మజీవులు హాని లేనిదిగా మారుస్తాయి. ఆ సూక్ష్మజీవులు ఇసుకలోనూ ఫిల్టరు స్పాంజిలోనూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు పెరుగు కావాలంటే తోడు వేసి ఆగాలి కదా! ఇక్కడా అంతే. తోడు కూడా దొరుకుతుంది. చాలాకాలంగా బాగా నడుస్తున్న తొట్టె ఎవరింట్లోనైనా ఉంటే, వాళ్ళ ఫిల్టరులోని పాత స్పాంజి ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి, పని త్వరగా అవుతుంది. తొట్టె కొన్నరోజునే చేపలు కొన్నవారింట్లో మూడో వారానికి చేపలు చచ్చిపోవడానికి కారణం దిష్టీ కాదు, చెయ్యి మంచిది కాకపోవడమూ కాదు, తోడుకోని పెరుగు.

నెల దాటాక ముందు అయిదారు చేపలు, మరో రెండు వారాలకు మరికొన్ని. మొత్తం మీద పదిహేను చిన్న చేపలకు మించవద్దు. చారల జీబ్రా చేప మన దేశపు వాగుల్లో పుట్టినదే, గట్టి ప్రాణం, గుంపుగా తిరుగుతుంది. మధ్యలో మీరు వదిలిన ఖాళీ నీళ్ళలో ఆ గుంపు ఇటునుంచి అటు మెరుస్తూ పోతుంటే, ఆ చోటు ఎందుకు వదలమన్నానో అప్పుడు తెలుస్తుంది. ఎగిరి దూకే అలవాటుంది గనుక మూత మరవకండి. గోల్డ్ ఫిష్ ఈ తొట్టెకు వద్దు. మొక్కలు కొరుకుతుంది, పెళ్ళగిస్తుంది.

అద్దం నాకి శుభ్రం చేస్తుందని రెండంగుళాల సకర్ చేపను అంటగడతారు. అది అడుగు పైన పెరిగే జాతి. పెరిగాక మొక్కలన్నీ తలకిందులు చేస్తుంది. ఇంట్లో ఇమడక జాలిపడి చెరువులో వదిలేస్తారు. అలా వదిలినవే పిల్లాపాపలతో పెరిగి, మన నదుల్లోనూ చేపల చెరువుల్లోనూ వలలు చించుతూ, జాలరులు దెయ్యం చేప అని తిట్టుకునే స్థితికి వచ్చాయి. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు పువ్వు అందంగా ఉందని మన దేశానికి తెచ్చుకున్నదే, చెరువులకు చెరువులే కప్పేసింది. కనుక తొట్టెలోది ఏదైనా, చేపైనా కత్తిరించిన కొమ్మైనా, చెరువులోకీ కాలువలోకీ వెళ్ళకూడదు. కొమ్మలు ఎండబెట్టి పూలకుండీల్లో వేసేయండి. వద్దనుకున్న చేపను దుకాణానికే తిరిగి ఇచ్చేయండి.

వారానికొకసారి పని గంట కంటే పట్టదు. నాలుగో వంతు నీళ్ళు, అంటే 35 లీటర్లు, రబ్బరు గొట్టంతో తీసి కొత్తవి పోయాలి. తీసిన నీళ్ళు మోరీ పాలు చేయకండి, గులాబీ కుండీలకు అంతకు మించిన బలం లేదు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కాకుండా ఆ తీసిన నీళ్ళలోనే పిండాలి, లేకపోతే తోడంతా క్లోరిన్‌కు చచ్చిపోతుంది. మేత మాత్రం రెండు నిమిషాల్లో తినేసేటంతే. మరమరాలూ చపాతీ ముక్కలూ వేసే చిన్న చేతుల మీద ఒక కన్నుండాలి.

వంపు అద్దం తుడవడంలో ఒక మెలకువ ఉంది. పాచి గీకే బ్లేడును అడ్డంగా పట్టుకుంటే లోపలి వంపుకు దాని రెండు కొనలే తగిలి గీతలు పడతాయి. అంచు నిలువుగా ఉండేటట్టు పట్టుకుని పక్కకు జరపండి. అద్దం వంపు అడ్డంగానే గాని నిలువుగా లేదు కదా, బ్లేడు అంచంతా సమంగా ఆనుతుంది. తొట్టె గాజుది కాక అక్రిలిక్ అయితే బ్లేడు ముట్టుకోవద్దు, మెత్తటి స్పాంజే శరణ్యం. గిన్నెలు తోమే పీచూ, సబ్బూ ఏ తొట్టెకైనా నిషిద్ధం.

ఎండాకాలం మన దగ్గర గండం. నీళ్ళు 30 డిగ్రీలు దాటితే వాటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఐసు ముక్కలు వేయకండి, ఆ ఒక్కసారి చలికి తట్టుకోలేవు. మూత కాస్త తీసి, సన్నటి వల కప్పి, చిన్న ఫ్యాను గాలి నీటి మీదుగా పోయేటట్టు పెట్టండి. కూజాలో నీళ్ళు చల్లబడినట్టే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువైన కోస్తా ఊళ్ళలో కాస్త తక్కువగా తగ్గుతుంది. ఆవిరై తరిగిన నీళ్ళు రోజూ పోసుకోవాలి.

మొక్కలు పైకి తాకగానే కత్తెర వేయడానికి సందేహించవద్దు. పుదీనా కొమ్మలాగే, పైన కోసిన ముక్కను మళ్ళీ గుచ్చితే అదీ నాటుకుంటుంది. ఇసుక దారిలోకి వాలిస్నేరియా పిలకలు పాకి వస్తాయి, వాటిని మాత్రం వెంటవెంటనే తీసేయాలి. రెండు నెలలు ఊరుకుంటే మీ దారి మాయమైపోతుంది.

సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళాలంటే తొట్టె అడ్డం కాదు. బాగా కుదిరిన తొట్టెలో ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు మేత లేకున్నా ఉండగలవు. వెళ్ళే ముందు రోజు నీళ్ళు మార్చి, ఎండుటాకులు తీసి, టైమరు సరిచూసుకోండి. అంతకంటే ఎక్కువ రోజులైతే పక్కింటావిడకు మేత డబ్బా ఇచ్చి వెళ్ళకండి. ఆవిడ ప్రేమకొద్దీ రోజూ గుప్పెడు వేస్తుంది. మందుల షాపువాడు కట్టినట్టు, పూటకు సరిపడే మేత కాగితంలో పొట్లాలు కట్టి, రెండు రోజులకొక పొట్లం చొప్పున లెక్కపెట్టి చేతికివ్వండి. డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.